జనం లేని కొండకు కూడా ఒక లైను ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో, పిల్లల దగ్గరికి బ్రిటన్ వచ్చే తల్లిదండ్రులు ఏమేం చూడాలో వరసగా రాశారు. మా నాన్న ఆ పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, "ఇందులో మన కొండ లేదేంటమ్మా?" అని అడిగారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, చోటు చాలకపోతే ఎక్కడ కోసినా ఫర్వాలేదు, చివర్లో రాసిన ఎమర్జెన్సీ సంగతి మాత్రం కోయకండి.

మీరు రాసినవాటిలో కొండలు రెండే, వేల్స్‌లో స్నోడన్, డెర్బీషైర్‌లో మామ్ టోర్. రెండూ మంచివే, కాదనను. మామ్ టోర్ అంటే అమ్మ కొండ. మాటిమాటికీ చరియలు జారి కింద చిన్న చిన్న గుట్టలు పుడుతుంటాయి కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు, ఆ జారుడు తట్టుకోలేకే దాని పక్కనుంచి వెళ్లే పెద్ద రోడ్డును 1979లో పూర్తిగా వదిలేశారు. చూడాల్సిందే. కానీ ఇప్పుడు ఎండ రోజున అక్కడికి వెళ్తే కారు పెట్టడానికే గంట పడుతుంది, పైన రీల్స్ తీసుకునేవాళ్ల మధ్య నిలబడే చోటు దొరకదు. స్నోడన్ అయితే చెప్పనక్కర్లేదు. మాంచెస్టర్ వచ్చిన మొదటి ఏడాది ఆగస్టులో తోటి ఉద్యోగులతో కలిసి వెళ్లాను. 1,085 మీటర్ల కొండ, వేల్స్ మొత్తానికి అదే ఎత్తు. పైదాకా రైలుంది, పైన కెఫే ఉంది, కొసన ఫోటో కోసం క్యూ ఉంది. ముప్పావుగంట నిలబడ్డాం. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నాకు గుర్తొచ్చేది నా ముందు నిల్చున్నాయన నీలం జాకెట్ వీపు.

నాన్న "మన కొండ" అన్నది "బ్లీక్‌లో" అనే కొండని. పేరులో "లో" ఉంది కదా అని పల్లం అనుకోకండి, ఆ పాత ఇంగ్లిష్ మాటకు గుట్ట అనే అర్థం. ఎత్తు 633 మీటర్లు, పక్కనే ఉన్న కిండర్ స్కౌట్ కంటే మూడంటే మూడు మీటర్లు తక్కువ. ఆ మూడు మీటర్ల వల్లనో ఏమో, కిండర్ పేరు అందరికీ తెలుసు, దీని పేరు ఎవరూ ఎత్తరు. మాంచెస్టర్ పికడిల్లీలో రైలెక్కితే అరగంటలో గ్లాసప్‌లో దిగుతాం, అక్కణ్నుంచి ఓల్డ్ గ్లాసప్ రాతి ఇళ్ల మధ్యగా నడిచి, షెల్ఫ్ బ్రూక్ అనే వాగు పక్కన, డాక్టర్స్ గేట్ అనే పాత దారి పట్టుకుని ఎక్కుతూ పోతే పైన పెన్నైన్ వే అనే పొడుగాటి నడకదారి తగులుతుంది, అక్కడ ఎడమకు, అంటే ఉత్తరానికి తిరగాలి. స్టేషన్ నుంచి వెళ్లి రావడానికి ఇరవై కిలోమీటర్ల దాకా అవుతుంది. పొద్దున బయల్దేరితే చీకటి పడకముందే ఇంటికొచ్చేయొచ్చు, అదీ వేసవిలో. డిసెంబర్‌లో నాలుగింటికల్లా పొద్దుగూకుతుంది, ఆ లెక్క మర్చిపోకూడదు.

"అక్కడ చూడ్డానికి ఏముంది?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్తాను. చెట్టు లేదు. హోటల్ లేదు. కొండ కొస అంటే ఒక రాళ్ల కుప్ప, దాంట్లో గుచ్చిన ఒక కర్ర, అంతే. చుట్టూ అటూ ఇటూ కిలోమీటర్ల కొద్దీ బల్లపరుపుగా ఉండే నేల. ఇలాంటి నేలనే ఇక్కడ మూర్ అంటారు. మోకాలెత్తు హెదర్ పొదలు ఆగస్టులో ఒక్కసారిగా ఊదారంగు పూస్తాయి, మిగతా రోజుల్లో ముదురు గోధుమరంగులో ఉంటాయి. అడుగున నల్లటి పీట్, అంటే నీళ్లలో నాని కుళ్లీ కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకున్న నాచు. ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. అలాంటిది కొన్నిచోట్ల నా ఎత్తుకు మించి లోతుంది. నేను ఐదడుగుల రెండంగుళాలు. అంటే కాళ్ల కింద వెయ్యిన్నర ఏళ్లకు పైగా ఉందన్నమాట, బూటు వేసేటప్పుడు నాకు ఎప్పుడూ ఈ లెక్కే మనసులో తిరుగుతుంది.

పత్తి సంగతి చెప్పకుండా ఈ కొండ గురించి చెప్పలేను. జూన్‌లో తడి నేలంతా తెల్లటి కుచ్చులు తలలూపుతుంటాయి, కాటన్ గ్రాస్ అంటారు, అచ్చం పగిలిన పత్తికాయ నుంచి దూది బయటికొచ్చినట్టే ఉంటుంది కానీ ఆ పోగు పెళుసు, వడకడానికి పనికిరాదు. అసలు పత్తి వడికింది కింద మాంచెస్టర్‌లో. వందేళ్లకు పైగా ఆ మిల్లుల పొగ గాలికి కొట్టుకొచ్చి ఈ కొండల మీద ఆమ్ల వర్షంగా కురిసింది. పీట్‌కి ప్రాణం పోసే స్ఫాగ్నమ్ నాచు ఆ వానకు చచ్చిపోయింది. నాచు పోయాక నల్ల మట్టి బయటపడింది, వాన నీరు దాన్ని కోసుకుంటూ కాలవలు చేసింది. వాటిని ఇక్కడివాళ్లు గ్రఫ్‌లు అంటారు, కొన్నిట్లో దిగితే మనిషి కనపడడు. ఇప్పుడు ఆ మిల్లులు మూతపడ్డాయి, కొన్నిటిని కూల్చేశారు, అలా కూల్చిన పాత మిల్లుల్లో నేలకు పరిచిన బండలే కొన్నిటిని హెలికాప్టర్లతో తెచ్చి ఈ దారిలో పరిచారు, నడిచేవాళ్ల కాళ్ల కింద పీట్ ఇంకా చెడిపోకుండా. వంగి చూడండి ఒకసారి. బండ మీద గుండ్రటి చిల్లులుంటాయి, మిషన్లను బోల్టులతో బిగించిన గుర్తులు. నేను చూసిన రోజు ఒక చిల్లులో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి, ఆ రూపాయి బిళ్లంత నీళ్లలో మబ్బు కదులుతోంది. ఆ మిషను దగ్గర నిలబడి నడుము విరగ్గొట్టుకున్న మనిషెవరో నాకు తెలీదు గానీ చాలాసేపు అక్కణ్నుంచి కదల్లేకపోయాను.

ఆ మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో వారమంతా పొగ మింగిన మనుషులకు ఉన్నది ఒక్క ఆదివారం. ఊరి చివర నిలబడితే కొండలు కనపడతాయి, అడుగుపెట్టడానికి మాత్రం లేదు, ఎందుకంటే అవి గ్రౌస్ పిట్టల వేట కోసం భూస్వాములు అట్టే పెట్టుకున్నవి, కర్రలు పట్టుకుని కాపలావాళ్లు ఉండేవాళ్లు. 1932 ఏప్రిల్ 24న ఇరవై ఏళ్ల బెన్నీ రాత్‌మన్ ముందు నడవగా కొన్ని వందల మంది హేఫీల్డ్ నుంచి బయల్దేరి కావాలనే కిండర్ స్కౌట్ ఎక్కారు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు శిక్ష పడింది. కాపలావాళ్లతో జరిగిన గొడవ పేరు చెప్పి! ఆ తర్వాత 1951లో ఈ కొండలున్న పీక్ డిస్ట్రిక్ట్ ప్రాంతం బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్క్ అయింది, 1965లో, అదే ఏప్రిల్ 24న, పెన్నైన్ వే తెరిచారు, 2000లో చట్టం వచ్చింది, ఇంగ్లండ్‌లోను వేల్స్‌లోను ఇలాంటి మూర్లు, కొండల మీద ఎవరైనా దారి వదిలి కూడా కాలినడకన తిరగొచ్చని.

ఎవరైనా అంటే మనం కూడా. ఈ మాట నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన మన పిల్లల్ని అడిగితే, "అక్కా, అది ఎవరిదో ప్రైవేట్ ల్యాండ్ కదా, ఎవరైనా ఏమైనా అంటే?" అని భయపడతారు. మొదట్లో నాకూ అదే టెన్షన్ ఉండేది, గేటు కనపడితే చాలు వెనక్కి తిరిగేదాన్ని. ఒక్కదాన్నే, పైగా మనిషి జాడ లేని ఈ చోట నల్లగా నేనొకదాన్ని, ఎవరైనా వచ్చి ఇక్కడేం పని అని అడిగితే ఏం చెప్పాలా అని ముందే జవాబులు తయారుచేసుకునేదాన్ని. ఏడేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఎదురుపడే ఆ ఒకరిద్దరూ ఆగి, ముందు దారి ఎంత తడిగా ఉందో చెప్పి వెళ్తారు. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాపు కొనుక్కోండి, ఈ ప్రాంతానిది ఓఎల్ 1. అందులో లేత పసుపు రంగు వేసి ఉన్న నేలంతా మనం నడవడానికి హక్కున్న నేల. గేటు దగ్గర గుండ్రటి గోధుమరంగు గుర్తులో నడుస్తున్న మనిషి బొమ్మ ఉంటే నిశ్చింతగా తెరుచుకుని వెళ్లి మళ్లీ వేసేయండి. ఈ హక్కు నడకకే, టెంటు వేయడానికి, సైకిల్ తొక్కడానికి కాదు. స్కాట్లాండ్ చట్టం వేరు, అక్కడ ఇంకా చాలా ఎక్కువ స్వేచ్ఛ ఉంది.

ఇలా పేపర్లో రాస్తే జనమంతా అక్కడికే వచ్చి పాడుచేస్తారు కదా అని నా ఫ్రెండ్ ఒకరు కోప్పడ్డారు. ఆలోచించాను. జనం ఒకచోట పోగవ్వడానికి కారణం అందరికీ అదే రెండు పేర్లు చెప్పడం. మూర్లు ఒకటా రెండా, బ్లీక్‌లో కాకపోతే ఉత్తరాన లాంకషైర్‌లో బోలండ్ కొండలున్నాయి, నార్తంబర్లాండ్‌లో చీవియట్ కొండలున్నాయి, వాటిలో నడిచిన రోజున నాకు సాయంత్రం దాకా గొర్రెలు తప్ప ఎవరూ కనపడలేదు.

అయితే పాడుచేయడం గురించి ఫ్రెండ్ అన్నది నిజమే, నాకూ ఆ బాధ ఉంది. 2018 జూన్‌లో ఇక్కడికి దగ్గర్లోనే సాడిల్‌వర్త్ మూర్ తగలబడింది. పీట్ పైపైన ఆరినట్టే ఉండి లోపల్లోపల కాలుతూ పోతుంది, ఫైర్ ఇంజిన్లు చాలక సైన్యాన్ని పిలిచారు, పొగ మాంచెస్టర్ దాకా వచ్చింది. డిస్పోజబుల్ బార్బెక్యూ అని సూపర్ మార్కెట్లలో చవగ్గా దొరుకుతుంది చూడండి, రేకు పళ్లెం, దాన్ని మూర్ మీదకు ఎవ్వరూ తీసుకెళ్లకండి, దణ్ణం పెట్టి చెప్తున్నాను. సిగరెట్ కూడా. అలాగే మార్చి 1 నుంచి జూలై 31 దాకా పిట్టలు నేల మీదే గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి, కుక్కను తీసుకెళ్తే తాడు విప్పకూడదు, అది చట్టం. ఇరవై ఏళ్ల నుంచి ఎందరో ఆ గ్రఫ్‌లకు అడ్డుకట్టలు వేసి, చేత్తో ఒక్కో నాచు మొక్కనూ నాటుతున్నారు. నాచు మళ్లీ వస్తోంది. ఒక పిడికెడు తీసి పిండితే స్పాంజిలా నీళ్లు కారతాయి, ఒక్కసారి నేనూ పిండాను, తర్వాత తప్పు చేసినట్టనిపించి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

ఇక భయం సంగతి. ఎవరూ లేని కొండంటే మనకు సాయానికి కూడా ఎవరూ లేని కొండే. రెండో ఏడాది అక్టోబర్‌లో ఒక్కదాన్నే వెళ్లాను, పైన రాళ్ల కుప్ప దగ్గర టీ తాగుతుండగా మబ్బు దిగింది. పది నిమిషాల్లో చేయి చాస్తే వేళ్లదాకా తప్ప ఏమీ కనపడని పరిస్థితి. వచ్చిన దారే కదా అని ధైర్యంగా నడిచాను, ఒక గ్రఫ్‌లోకి దిగాను, అది మలుపు తిరిగి ఇంకోదాంట్లో కలిసింది, అందులోంచి ఎక్కి ఇంకోదాంట్లో దిగాను, ఇలా అరగంట నడిచాక ఎదురుగా తడి పీట్ మీద స్పష్టంగా బూటు గుర్తులు, ఎవరో మనిషి ఉన్నారని ఎంత సంతోషపడ్డానో, పక్కన కాలు పెట్టి చూస్తే అవి నావే. గుండె ఝల్లుమంది. ఫోనులో మ్యాపు ఉంది, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతోంది. సంచిలో అడుగున కంపాస్ ఉంది, కొని ఏడాదైనా సరిగ్గా వాడింది లేదు. దాన్ని తీసి దక్షిణం చూసుకుని, గ్రఫ్ ఎటు లాగినా లాగనీ అని సూది చెప్పినవైపే ఎక్కుతూ దిగుతూ వెళ్లాను, కాలి కింద బండ టక్కుమన్నప్పుడు ఆ మిల్లు బండను కళ్లకద్దుకోవాలనిపించింది. ఆ తర్వాత వారమే మ్యాపు, కంపాస్ వాడటం నేర్పే ఒక రోజు క్లాసుకు వెళ్లాను. మీరూ కొండకు వెళ్లే ముందే నేర్చుకోండి. ఎంత సేపు పడుతుందో వేసుకోడానికి ఇక్కడ నెయిస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఒకటుంది, ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. పీట్ మీద అది చాలదు, నేనైతే సగానికి సగం కలుపుకుంటాను. జీన్స్ వేసుకోవద్దు, తడిస్తే ఆరదు. వాన జాకెట్, ఒక స్వెటర్ ఎక్కువ, హెడ్ టార్చ్, విజిల్, పేపర్ మ్యాపు. ఎటు వెళ్తున్నామో, ఎన్నింటికి వస్తామో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లాలి.

నాన్న విషయానికొస్తాను. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, వినికిడి తక్కువ, రెండు చెవులకూ మిషన్లు. పోయినసారి మే నెలలో వచ్చినప్పుడు సెలవు దొరికినప్పుడల్లా మీరు రాసినలాంటి చోట్లకే తిప్పాను. ప్రతిచోటా ఆయన కాసేపటికి మిషన్లు తీసి జేబులో వేసుకునేవారు. జనంలో అన్ని గొంతులూ కలిసిపోయి ఒకటే హోరు, ఒక్క మాటా తెలియదు, తలనొప్పి అనేవారు. తీసేశాక ఇంక మేం మాట్లాడేది వినపడదు, ఫోటోల్లో నవ్వుతూ నిలబడేవారు, అంతే. చివరి వారం, ఈ ఒక్కటీ చూపించి పంపిద్దామని, ఫ్రెండ్ కారులో స్నేక్ పాస్ రోడ్డు పైదాకా తీసుకెళ్లాను. అక్కణ్నుంచి అయితే పెద్దగా ఎక్కక్కర్లేదు, బండల మీద మెల్లగా గంట నడిచి వెనక్కి రావొచ్చు. కొసదాకా వెళ్లాలన్న పట్టింపు పెట్టుకోలేదు. ఆ రోజు గాలి లేదు, ఇక్కడ అది అరుదు. అరగంట నడిచామేమో, నాన్న ఆగి, చేయి పైకెత్తి, "ఎవరో ఈల వేస్తున్నారు" అన్నారు. నాకేం వినపడలేదు. ఇంకో పది అడుగులు వేశాక నాకూ వినపడింది, ఒకే స్వరం, సన్నగా, దిగులుగా, మళ్లీ కాసేపటికి ఇంకోటి. దూరంగా గడ్డి దిబ్బ మీద గోల్డెన్ ప్లోవర్, వీపంతా బంగారు చుక్కలు, పొట్ట నల్లన. గూడు దగ్గర్లో ఉంటే అలాగే కనపడేలా నిలబడి ఈల వేస్తూ మనల్ని గూటి దగ్గర్నుంచి దూరంగా తీసుకుపోతుంది. నాకంటే ముందు ఆయన విన్నారు! టీవీ వాల్యూమ్ నలభైలో పెట్టుకునే మనిషి. ఆ గంటన్నరలో మిషన్లు తీయలేదు. తిరిగొచ్చేటప్పుడు బండల మీద ఆయన చేతికర్ర టక్కు టక్కుమంటుంటే, "ఇక్కడ ఒక్కో చప్పుడూ విడివిడిగా వస్తోందమ్మా" అన్నారు. ఆయన ఉన్నన్ని రోజుల్లో మేమిద్దరం పక్కపక్కన నడుస్తూ మామూలు గొంతుతో మాట్లాడుకున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

అందుకని నా మనవి ఏమిటంటే, మళ్లీ ఇలాంటి వ్యాసం వేసినప్పుడు జనం లేని కొండ ఒక్కదానికైనా ఒక లైను ఇవ్వండి, దాంతోపాటు ఈ కింది సంగతి పెద్ద అక్షరాల్లో వేయండి. కొండ మీద ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్లు వాలంటీర్లు, ఒక్క పెన్నీ తీసుకోరు, కాబట్టి ఖర్చుకు భయపడి ఆలస్యం చేయొద్దు. సిగ్నల్ సరిగ్గా లేనిచోట ఫోన్ కలవకపోయినా మెసేజ్ వెళ్లే అవకాశం ఉంది, దానికి ముందే ఇంట్లో ఉన్నప్పుడు ఇంగ్లిష్‌లో రిజిస్టర్ అనే మాట టైప్ చేసి 999కి పంపి, వాళ్లు చెప్పినట్టు చేసి నమోదు చేసుకోవాలి. విజిల్ అయితే ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. ఎవరైనా వచ్చేదాకా ఆపొద్దు.

నాన్న మళ్లీ ఈ మేలో వస్తున్నారు. ఈసారి కొసన ఉన్న ఆ రాళ్ల కుప్ప దాకా వెళ్దామంటున్నారు, మోకాళ్లు ఒప్పుకుంటే చూద్దాం అన్నాను. చెవి మిషన్లకు బ్యాటరీలు మాత్రం ఎక్కువే తెచ్చుకుంటారట.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మాంచెస్టర్